యూరప్‌కంతా ఒకే సర్టిఫికెట్ అన్నారు, మరి ఒక్క స్టాండర్డ్ ఆమోదానికి ఇన్నేళ్లేంటి?

రౌటర్ రాజు · సోమవారం ఉదయం 9:40

అందరికీ నమస్తే. మాది హైదరాబాద్‌లో చిన్న కంపెనీ. వైఫై కెమెరాలు చేస్తాం, సగం సరుకు యూరప్‌కే వెళ్తుంది. వైర్‌లెస్ వస్తువులకి సైబర్ సెక్యూరిటీ తప్పనిసరి అన్న నిబంధన 2025 ఆగస్టు 1 నుంచి అమల్లోకొచ్చింది కదా. నిజానికి 2024 ఆగస్టులోనే రావాలి, స్టాండర్డ్ తయారు కాలేదని ఏడాది జరిపారు. ఆ స్టాండర్డ్ పేరు ఈఎన్ 18031, మూడు భాగాలు. అచ్చయింది 2024 ఆగస్టులో. వాళ్ల అఫీషియల్ జర్నల్లో, అంటే మన గెజెట్ లాంటిదాంట్లో, ఎక్కింది మాత్రం 2025 జనవరి 30న. గెజెట్లో ఎక్కేదాకా అది ఉత్త కాగితమేనట.

ఎక్కడమైనా సుబ్బరంగా ఎక్కిందా అంటే అదీ లేదు, కొర్రీలు పెట్టారు. పాస్‌వర్డ్ పెట్టుకోకుండా వాడుకునే వీలు యూజర్‌కి ఉంటే, ఆ స్టాండర్డ్ అక్షరం పొల్లు పోకుండా పాటించినా చెల్లదట. మా కెమెరా సెటప్‌లో 'తర్వాత పెట్టుకుంటా' అని ఒక బటన్ ఉంది. దాని మూలంగా మొత్తం ఫైలు ఆగిపోయింది.

మా మేనేజర్ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఒకే మార్కెట్ అంటారు, ఒకే గుర్తు (సీఈ) అంటారు, మరి ఒక స్టాండర్డ్‌కి ఆమోదం వేయడానికి ఇంత టైమా?" నా దగ్గర జవాబు లేదు. ఇది ఇప్పుడొచ్చిన గోలా, లేక మొదట్నుంచీ ఇంతేనా? పెద్దవాళ్లు ఎవరైనా చెప్పండి.

ఎగస్పార్టీ · సోమవారం ఉదయం 10:05

మొదట్నుంచీ ఇంతే. తర్వాతి ప్రశ్న?

పాత మోడెమ్ · సోమవారం ఉదయం 11:30

రాజు గారూ, ఎగస్పార్టీ వెటకారంగా అన్నా నిజమే అన్నాడు. మీరు పది పన్నెండు నెలలకే టెన్షన్ పడుతున్నారు. మేం ఒక్క స్టాండర్డ్ కోసం ఏడేళ్లు చూశాం.

నేను 1996 నుంచి నాలుగేళ్లు డయల్‌అప్ మోడెమ్‌ల ఫర్మ్‌వేర్ రాశాను. మాకు ఒక ఎక్సెల్ షీట్ ఉండేది, 'దేశాల పట్టీ' అనేవాళ్లం. అడ్డంగా దేశాలు. నిలువుగా డయల్ టోన్ ఎన్ని హెర్ట్జ్, బిజీ టోన్ ఎంతసేపు మోగి ఎంతసేపు ఆగుతుంది, లైన్ కలవకపోతే ఎన్ని సెకన్లు ఆగి మళ్లీ డయల్ చేయొచ్చు, వరసగా ఎన్నిసార్లు తప్పితే ఆ నంబర్‌ని మోడెమ్ తనంతట తాను నిషేధించాలి... ఇలా కిందికి సాగుతూనే ఉండేది. మన ఫోన్ మన లైన్ మీద మన డబ్బుతో ఎన్నిసార్లు డయల్ చేయాలో కూడా ప్రభుత్వమే చెప్పేది! ఒక గడిలో అంకె మారిందంటే ఆ దేశపు ల్యాబ్‌కి మళ్లీ మోడెమ్ పంపాలి, మళ్లీ ఫీజు, మళ్లీ వారాల ఎదురుచూపు. పోర్చుగల్ వరసలో మార్చబోయి పొరపాటున స్పెయిన్ వరసలో మార్చిన రోజు ఒకటుంది. దాని గురించి ఇప్పుడొద్దు.

సంగతి ఏంటంటే, 1986లో మొదటి డైరెక్టివ్, అంటే సభ్య దేశాలన్నీ పాటించాల్సిన యూరప్ ఉమ్మడి ఆదేశం, వచ్చింది. దాని సారం: ఒక దేశం ల్యాబ్ చేసిన టెస్టుని ఇంకో దేశం ఒప్పుకోవాలి. టెస్టు మాత్రమే, ఆమోదం కాదు. ఆమోదం మళ్లీ ఎవరి దేశంలో వాళ్లే ఇచ్చుకుంటారు. అంటే పెళ్లిచూపులు ఒకరింట్లో చాలు గానీ పెళ్లి మాత్రం ప్రతి ఊళ్లోనూ చేసుకోవాలన్నట్టు. ఆ టెస్టుల కోసం ఎన్ఈటీ అనే పేరుతో స్టాండర్డ్‌లు రాయడం మొదలెట్టారు. ఎక్స్.25 అనే డేటా నెట్‌వర్క్‌కి ఒకటి, ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ ఫోన్ లైన్‌కి ఒకటి. మామూలు ఫోన్ లైన్‌కి నెంబర్ 4. ఉమ్మడి భాగం కొంచెం, దేశాలవారీ మినహాయింపులు బోలెడు. పేరుకే ఉమ్మడి కుటుంబం, పొయ్యిలు మాత్రం ఎవరివి వాళ్లవే.

తర్వాత 1991 ఏప్రిల్‌లో 91/263 అనే అసలైన డైరెక్టివ్. ఒకచోట ఆమోదం వస్తే అన్నిచోట్లా చెల్లుతుంది. భలే, కదా? కానీ ఒక మెలిక. అది చెల్లాలంటే ముందు ఆ వస్తువుకి 'సీటీఆర్' అనే ఉమ్మడి సాంకేతిక నిబంధన వచ్చి ఉండాలి. అది లేనంతవరకు పాత పద్ధతే, దేశానికో ఆమోదం.

ఆ సీటీఆర్‌లు ఎప్పుడొచ్చాయో చూడండి. జీఎస్ఎమ్ మొబైల్‌కి 1993 డిసెంబర్ నెలాఖర్లో. ఐఎస్‌డీఎన్‌కి 1994 నవంబర్‌లో. యూరప్‌లో ప్రతి ఇంటికీ వెళ్లే మామూలు రెండు తీగల ఫోన్ లైన్‌కి? 1998 జులై 20న. అందరికీ కావాల్సింది అందరికంటే ఆఖర్న వచ్చింది. అదే సీటీఆర్ 21.

నిన్నమొన్న · సోమవారం మధ్యాహ్నం 12:10

పాత మోడెమ్ గారూ, మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను ఈసీఈ థర్డ్ ఇయర్. నాన్న 99లో ఐర్లండ్‌లో ఉన్నప్పుడు కొన్న మోడెమ్ ఒకటి మా ఇంట్లో అటక మీద ఉంది. ఇప్పుడే దించి చూశా. కింద స్టిక్కర్ మీద సీఈ, దాని పక్కన 0168, ఆ పక్కన వంకర ఎక్స్ లాంటి బొమ్మ. చివర్న చిన్న అక్షరాల్లో సీటీఆర్21 అని ఉంది. మీరు చెప్పేది ఇదేనా?

పాత మోడెమ్ · సోమవారం మధ్యాహ్నం 12:25

అదే బాబూ! ఆ వంకర ఎక్స్‌ని మేం 'హాకీ కర్రలు' అనేవాళ్లం, రెండు హాకీ కర్రలు అడ్డంగా పెట్టినట్టు ఉంటుందని. పబ్లిక్ నెట్‌వర్క్‌కి తగిలించొచ్చు అని దాని అర్థం. 0168 అంటే ఆమోదం ఇచ్చిన సంస్థ నంబర్, బ్రిటన్ వాళ్ల బీఏబీటీ. బ్రిటన్‌లో ఆమోదం తీసుకున్న మోడెమ్‌ని మీ నాన్నగారు ఐర్లండ్‌లో కొని తగిలించారంటే ఆ విధానం పనిచేసిందనే లెక్క. ఆ స్టిక్కర్ పీకెయ్యకు.

అంతకు ముందు బ్రిటన్‌లో గుర్తులు వేరే ఉండేవి. ఆమోదం ఉంటే ఆకుపచ్చ గుండ్రం, లేకపోతే ఎర్ర త్రికోణం. ఎర్ర త్రికోణం ఉన్నది కూడా షాపులో అమ్మొచ్చు, లైన్‌కి తగిలిస్తేనే తప్పు. మరి కొన్నవాడు దాన్ని గోడకి వేలాడదీసుకుంటాడా?

సర్క్యూట్ సుబ్బులు · సోమవారం మధ్యాహ్నం 2:15

హార్డ్‌వేర్ వైపు నుంచి నా మాట. ఆలస్యం అంతా ఆఫీసులదే అనుకోకండి. లైన్ ఇంటర్‌ఫేస్ బోర్డులు వేసిన చేత్తో చెబుతున్నా, ఆ దేశాల తీగలు నిజంగానే వేరు.

మీ ఫోన్ లైన్‌కి ఎంత ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) చూపించాలో అన్న ఒక్క ముక్క తీసుకోండి. అమెరికాలో సింపుల్‌గా 600 ఓమ్‌లు. జర్మనీలో 220 ఓమ్‌లు, దానికి సిరీస్‌లో 820 ఓమ్‌లు, 115 నానో ఫారడ్ పక్కపక్కన. బ్రిటన్‌లో 370, ఆపైన 620కి పక్కన 310 నానో ఫారడ్. ఇది కలవకపోతే లైన్ మీద ఎకో వస్తుంది, మనం మాట్లాడింది మనకే తిరిగొస్తుంది. ఫోన్‌కైతే చిరాకు, మోడెమ్‌కైతే స్పీడు పడిపోతుంది. ఎక్స్చేంజ్‌లో కార్డులన్నీ ఆయా దేశం లెక్కకి సరిపడేలా ఎప్పుడో బిగించేశారు. స్టాండర్డ్ కోసం ఏ దేశమూ తన ఎక్స్చేంజ్‌లు పీకి మళ్లీ కట్టుకోదు.

చివరికి సీటీఆర్ 21కి ఒప్పుకున్న అంకె: 270 ఓమ్‌లు, ఆపైన 750కి పక్కన 150 నానో ఫారడ్. పై రెండింటితో పోల్చి చూడండి. ఏ ఒక్కరిదీ కాదు, ఎవరికీ మరీ దూరమూ కాదు. బేరం కనిపిస్తూనే ఉంది.

ఇంకోటి కరెంట్. ఆ నిబంధన ప్రకారం లైన్ నుంచి 60 మిల్లీ ఆంపియర్లు దాటి లాగకూడదు. ఎక్స్చేంజ్ పక్కనే ఇల్లు ఉంటే తీగ పొట్టి, రెసిస్టెన్స్ తక్కువ, కరెంట్ ఎగదన్నుకొస్తుంది. దాన్ని 60 దగ్గర ఆపాలంటే మిగిలిన వోల్టేజ్ మొత్తాన్ని మన బోర్డు మీద ఒక ట్రాన్సిస్టర్ మింగాలి. 50 వోల్టుల ఫీడ్‌లో అది రెండు వాట్లు దాటుతుంది. గోరంత ట్రాన్సిస్టర్‌కి రెండు వాట్లంటే వేలు పెడితే చుర్రుమంటుంది. మొదటి ప్రోటోటైప్‌లో నాది మాడిపోయింది, ల్యాబంతా వాసన. తర్వాత దాని కింద రాగి ఏరియా పెంచి, నాలుగు రెసిస్టర్లకి ఆ వేడి పంచితే గానీ లొంగలేదు. ఈ ఒక్క వాక్యం రాసినవాళ్లకి తెలుసో లేదో, దాంతో యూరప్ మోడెమ్ బోర్డులన్నీ పెద్దవయ్యాయి.

స్టాక్‌హోమ్ చలి · సోమవారం సాయంత్రం 4:50

సుబ్బులు గారికి తోడు నాదో ముక్క. ఇక్కడ స్వీడన్‌లో పాత డయల్ ఫోన్‌లో అంకెలు 0 నుంచి మొదలయ్యేవి. 0 తిప్పితే ఒక పల్స్, 1 తిప్పితే రెండు, 9కి పది. మిగతా ప్రపంచంలో చాలామటుకు 1కి ఒకటి, 0కి పది. ఓస్లోలో ఇంకా విడ్డూరం, మొత్తం తిరగేసి ఉండేది. మిగతా నార్వే మామూలే! ఒకే దేశంలో రెండు రకాల ఫోన్లు. స్వీడన్ ఫోన్ పట్టుకెళ్లి డెన్మార్క్‌లో తగిలించి 112 కొడితే అక్కడికి 223 వెళ్తుంది. ఇప్పుడు చెప్పండి, వీటన్నిటికీ కలిపి ఒక స్టాండర్డ్ రాయమంటే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది.

నిన్నమొన్న · సోమవారం సాయంత్రం 5:05

మరి సీటీఆర్ 21లో దీనికేం చేశారు సార్?

పాత మోడెమ్ · సోమవారం సాయంత్రం 5:30

ఏం చేయలేదు, వదిలేశారు. టోన్ డయలింగ్ ఒక్కటే పెట్టి పల్స్‌ని బయటికి నెట్టేశారు. మాట్లాడే ఫోన్‌ని కూడా తప్పించారు. మోడెమ్, ఫ్యాక్స్, ఆన్సరింగ్ మెషిన్ లాంటివే దాని పరిధి. తేలనివాటిని పక్కన పెట్టాకే తక్కినవి తేలాయి. అప్పటికీ ఏ దేశంలో ఏం చిక్కు రావచ్చో చెబుతూ దేశాలవారీ సలహాలు విడిగా రాసుకున్నారు. నా దేశాల పట్టీ పోయిందనుకుని సంబరపడ్డాను, 'సలహా' అని పేరు మార్చుకుని తిరిగొచ్చింది.

ఎగస్పార్టీ · సోమవారం రాత్రి 8:40

మీరందరూ ఓమ్‌లు, ఫారడ్‌లు అని జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నారు. అసలు కారణం తీగలో లేదు, కుర్చీలో ఉంది.

ఎనభైల దాకా యూరప్‌లో ఫోన్ నడిపేది తపాలా శాఖలు. లైన్ వాళ్లదే. ఫోన్ సెట్ అద్దెకిచ్చేదీ వాళ్లే. బయటివాడు ఇంకో ఫోన్ చేసి తెస్తే దానికి ఆమోదం ఇవ్వాల్సిందీ వాళ్లే. బ్యాటింగ్ చేసేవాడే అంపైర్ అయితే ఔట్ ఎవడిస్తాడు?

1988లో యూరోపియన్ కమిషన్ 88/301 అనే డైరెక్టివ్ తెచ్చింది. టెర్మినల్ ఎక్విప్‌మెంట్ మీద ఉన్న ఏకచ్ఛత్ర హక్కులు తీసెయ్యాలి, 1989 జులై 1 కల్లా ఆమోదాలిచ్చే పని ఆపరేటర్‌తో సంబంధం లేని సంస్థకి అప్పగించాలి. ఫ్రాన్స్ కోర్టుకెక్కింది. మార్కెట్ తెరవడం మీద వాళ్ల గొడవ ఒక్కటే కాదు, కమిషన్ తనంతట తాను ఇలాంటి డైరెక్టివ్ ఇవ్వొచ్చా అన్నది అసలు పేచీ. 1991 మార్చి 19న తీర్పొచ్చింది. కొన్ని అంశాల్లో ఫ్రాన్స్ నెగ్గినా, గుండెకాయ లాంటి విషయంలో కమిషనే గెలిచింది. అది జరిగిన నెలా పది రోజులకే పాత మోడెమ్ గారు చెప్పిన 91/263 వచ్చింది. ఇది కాకతాళీయం అంటే నేను నమ్మను.

అమెరికా చూడండి. 1968లో బయటివాళ్ల పరికరం లైన్‌కి తగిలించొచ్చన్న కార్టర్‌ఫోన్ తీర్పు, డెబ్బైల మధ్యకల్లా అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన పార్ట్ 68 నిబంధనలు. నెట్‌వర్క్‌కి హాని చేయకపోతే చాలు, తగిలించుకోండి అన్నారు. అయిపోయింది.

సర్క్యూట్ సుబ్బులు · సోమవారం రాత్రి 9:20

అమెరికాలో చాలామటుకు బెల్ సిస్టమ్ అనే ఒకటే ఫోన్ కంపెనీ, ఒకే రకం ఎక్స్చేంజ్, ఒకే 600 ఓమ్‌లు. యూరప్‌లో డజను తపాలా శాఖలు, ఒక్కోదానికి ఒక్కో సొంత సరఫరాదారు. పోలిక కుదరదండీ. కుర్చీ సంగతి మీరు చెప్పింది నిజమే, కాదనను. కానీ కుర్చీ కింద తీగ కూడా ఉంది.

ఎగస్పార్టీ · సోమవారం రాత్రి 9:35

సరే, సగం సగం. ఇవాళ్టికి రాజీ.

మ్యూనిక్ మావయ్య · మంగళవారం ఉదయం 7:15

ఇంత చర్చ నడుస్తుంటే జర్మనీ లేకపోవడం ఏంటి. నేను 1989లో ఇక్కడికి చదువుకోడానికొచ్చాను. అప్పట్లో తపాలా శాఖ ఆమోద నంబర్ లేని మోడెమ్‌ని లైన్‌కి తగిలించడం నేరం. 'తప్పు' కాదు, నేరం. అమెరికాలో ఉన్న కజిన్ ఇచ్చిన మోడెమ్ నా దగ్గర ఒకటుండేది, ఇక్కడి ఆమోదం ఉన్నదాని ధరలో అది ఏ మూలకి. లైన్ బాగు చేయడానికి మనిషి వస్తున్నాడంటే దాన్ని బియ్యం డబ్బాలో దాచేవాణ్ని. ఆయన ఒకసారి టీ తాగుతూ ఆ డబ్బా మీదే చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ఆ పావుగంట నాకు గుర్తుంది.

నాకంటే ముందువాళ్లు ఇంకా ఘటికులు. ఇక్కడి కేయాస్ కంప్యూటర్ క్లబ్ అనే హ్యాకర్ల సంఘం వాళ్లు ఎనభైల్లో ఇంట్లో చేసుకునే అకూస్టిక్ కప్లర్ డిజైన్ ఒకటి ప్రచురించారు. ఫోన్ రిసీవర్‌ని రెండు రబ్బరు కప్పుల్లో పెడతాం కదా, ఆ రబ్బరు కప్పుల కోసం టాయిలెట్ పైపులకి వాడే రబ్బరు బిగింపులు వాడారు. అందుకే దానికి 'డేటా కక్కసు' అని అర్థం వచ్చేలా పేరు పెట్టారు. లైన్‌కి తీగ కలపకుండా ధ్వని ద్వారా పంపడం అన్నమాట.

ఇంకో మాట. సుబ్బులు గారు చెప్పని తీగ తంటా ఒకటుంది, మీటరింగ్ పల్స్. జర్మనీలో కాల్ ఖర్చు ఇంట్లో మీటర్ మీద కనబడటానికి లైన్ మీద 16 కిలో హెర్ట్జ్ పల్స్ పంపేవాళ్లు, పక్కనున్న ఆస్ట్రియాలో 12. మోడెమ్‌లో దానికి ఫిల్టర్ లేకపోతే ప్రతి యూనిట్‌కీ కనెక్షన్ తెగిపోయేది. అమెరికా మోడెమ్‌లో ఆ ఫిల్టర్ ఎందుకుంటుంది? నా బియ్యం డబ్బా మోడెమ్ దూరపు కాల్‌లో ఎందుకు తెగుతోందో తెలుసుకోడానికి నాకు ఏడాది పట్టింది. కాబట్టి తపాలా వాళ్ల మాటలో కొంచెం న్యాయం ఉందని ఒప్పుకోవాలి, మనసు రాకపోయినా.

స్టాక్‌హోమ్ చలి · మంగళవారం ఉదయం 7:40

బియ్యం డబ్బాలో మోడెమ్! ఇది అచ్చ తెలుగు నెట్‌వర్కింగ్.

నిన్నమొన్న · మంగళవారం ఉదయం 9:00

ఒక సందేహం. పాత తీగల వల్లే ఆలస్యం అన్నారు. జీఎస్ఎమ్ కొత్తది కదా, పాత బరువు లేదు. అది మాత్రం చకచకా అయిపోయి ఉండాలి?

పాత మోడెమ్ · మంగళవారం ఉదయం 10:20

మంచి ప్రశ్న. స్టాండర్డ్ రాయడం వరకు చకచకానే. 1987 సెప్టెంబర్ 7న కోపెన్‌హాగన్‌లో 13 దేశాల ఆపరేటర్లు, మేమంతా 1991లో ఒకే పద్ధతిలో నెట్‌వర్క్ మొదలుపెడతాం అని సంతకాలు చేశారు. 1991 జులై 1న ఫిన్లండ్‌లో మొదటి కాల్ మోగింది కూడా. మాజీ ప్రధాని హారి హోల్కెరి చేశారు.

కానీ తర్వాత ఏమైందో తెలుసా? నెట్‌వర్క్ ఉంది, టవర్లున్నాయి, ఫోన్లు లేవు. ఎందుకంటే ఫోన్‌కి ఆమోదం ఇవ్వాలంటే టెస్టు చేయాలి. టెస్టు చేయాలంటే నెట్‌వర్క్‌లా నటించే సిస్టమ్ సిమ్యులేటర్ కావాలి, దానిమీద నడిపే వందల టెస్టులూ సరిగ్గా ఉండాలి. ఫోన్ తప్పా, టెస్టు తప్పా తేల్చడానికే నెలలు పట్టేది. అప్పుడు పుట్టిన జోక్ ఒకటుంది: జీఎస్ఎమ్ అంటే 'గాడ్ సెండ్ మొబైల్స్', దేవుడా ఫోన్లు పంపు అని.

చివరికి ఏం చేశారంటే, అన్ని టెస్టులూ అయ్యేదాకా ఆగితే కొంప మునుగుతుందని, ముఖ్యమైన వాటిని ఏరి 'మధ్యంతర ఆమోదం' అని ఒకటి పెట్టారు. 1992లో దాంతోనే ఫోన్లు బయటికొచ్చాయి. చట్టబద్ధమైన సీటీఆర్ మరో ఏడాదిన్నరకి గానీ రాలేదు. కాబట్టి పాత తీగ లేకపోయినా ఆలస్యం ఉంది. తేడా ఏంటంటే, ఇక్కడ ఆపరేటర్లే డబ్బు పెట్టుబడి పెట్టి కూర్చున్నారు. ఫోన్లు రాకపోతే మునిగేది వాళ్లే. అందుకే దారి వెతికారు. మోడెమ్ ఆలస్యమైతే తపాలా శాఖకి పోయేదేముంది? ఎగస్పార్టీకి ఈ ముక్క నచ్చుతుంది.

ఎగస్పార్టీ · మంగళవారం ఉదయం 10:30

నచ్చింది. దండం.

రౌటర్ రాజు · మంగళవారం ఉదయం 11:15

ఇంత చరిత్ర వస్తుందనుకోలేదు. మేనేజర్‌కి లింక్ పంపాను, ఆయన బియ్యం డబ్బా దగ్గర ఆగిపోయారు. అయితే ఒకటి అర్థం కాలేదు. స్టాండర్డ్ రాశాక ఆమోదానికి ఎన్ని మెట్లు ఉండేవి?

పాత మోడెమ్ · మంగళవారం మధ్యాహ్నం 12:40

అప్పటి లెక్క చెబుతా, ఊపిరి బిగబట్టండి. కమిషన్ పని అప్పగిస్తుంది. దేశాల ప్రతినిధులున్న ఏసీటీఈ అనే కమిటీ పరిధి తేలుస్తుంది. ఫ్రాన్స్‌లో సోఫియా ఆంటిపోలిస్ అనే ఊళ్లో ఉన్న ఎట్సీ, 1988లో పెట్టిన టెలికాం స్టాండర్డ్‌ల సంస్థ, దాని మీద టీబీఆర్ అనే డాక్యుమెంట్ రాస్తుంది, సీటీఆర్‌కి ఆధారం అదే. అది ప్రతి దేశపు స్టాండర్డ్ సంస్థకీ అభ్యంతరాల కోసం వెళ్తుంది. అభ్యంతరాలకి జవాబులు. మళ్లీ దేశాలవారీ ఓటు, పెద్ద దేశానికి ఎక్కువ ఓట్లు, 71 శాతం రావాలి. వచ్చాక అది తిరిగి కమిటీకి. అక్కడ ఓటు. ఆపైన కమిషన్ నిర్ణయం, అన్ని భాషల్లో అనువాదం, గెజెట్. టీబీఆర్ 21 డాక్యుమెంట్ 1998 జనవరిలోనే అచ్చయింది. నిర్ణయం జులైలో. ఆ ఆరు నెలలు ఒక్క సాంకేతిక అక్షరం కూడా మార్చడానికి కాదు.

ఇందులో విషాదం ఏంటంటే, సీటీఆర్ 21 వచ్చిన ఎనిమిది నెలలకే, 1999 మార్చిలో, ఆ విధానం మొత్తాన్ని చెత్తబుట్టలో వేసే కొత్త డైరెక్టివ్ వచ్చింది, 1999/5. 2000 ఏప్రిల్ 8 నుంచి ముందస్తు ఆమోదమే లేదు. తయారీదారు తానే బాధ్యత తీసుకుని సీఈ వేసుకోవచ్చు. ఆపరేటర్ తన లైన్ వివరాలు ప్రచురించాలి, అంతే. ఏడేళ్లు కని పెంచిన నిబంధన ఇరవై ఒక్క నెలలు బతికింది. మా ఆఫీసులో ఆ వార్త వచ్చిన రోజు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మా టెస్టింగ్ ఆయన మాత్రం కప్పు కడుక్కుని ఇంటికెళ్లిపోయాడు.

సర్క్యూట్ సుబ్బులు · మంగళవారం మధ్యాహ్నం 1:10

చచ్చిందని చెప్పకండి. నేను వాడే లైన్ చిప్ డేటాషీట్‌లో ఇప్పటికీ దేశాల టేబుల్ ఉంది, సగం యూరప్ దేశాల ఎదురుగా 'టీబీఆర్21' సెట్టింగ్ అనే రాసుంటుంది. ఆ 60 మిల్లీ ఆంపియర్ల పరిమితికి ఒక బిట్ కూడా ఉంది. చట్టం పోయినా రిజిస్టర్‌లో బిట్ మిగిలింది. లిఫ్ట్ ఎమర్జెన్సీ ఫోన్లు చేసేవాళ్లు నన్ను ఇప్పటికీ దాని గురించి అడుగుతారు.

రౌటర్ రాజు · మంగళవారం మధ్యాహ్నం 1:45

మరి 2000లోనే ఆమోదం ఎత్తేస్తే, నేనిప్పుడు ఎవరి కోసం ఆగుతున్నాను?

మ్యూనిక్ మావయ్య · మంగళవారం మధ్యాహ్నం 3:30

ఇది నా రోజువారీ పని, నేను చెబుతా. ముందస్తు ఆమోదం పోయింది గానీ దాని స్థానంలో ఒక సౌకర్యం పెట్టారు. గెజెట్లో ఎక్కిన స్టాండర్డ్ పాటిస్తే చట్టం పాటించినట్టే లెక్క. ఎక్కనిది పాటిస్తే నిరూపించుకునే భారం నీదే, కొన్ని విషయాల్లో నోటిఫైడ్ బాడీ, అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న తనిఖీ సంస్థ, దగ్గరకి వెళ్లక తప్పదు. అంటే గేటు తీసేసి, గెజెట్‌ని గేటు చేశారు.

మొదట్లో ఎక్కించడం పెద్ద సమస్య కాదు. 2016లో తేడా వచ్చింది, అదీ టెలికాంతో సంబంధం లేని కేసులో. ఐర్లండ్‌లో ఒక భవనం నేల కింద పోసిన కంకరలో పైరైట్ అనే ఖనిజం ఉండి, అది ఉబ్బి నేలలు పగిలాయి. కంకరకి ఒక యూరోపియన్ స్టాండర్డ్ ఉంది. జేమ్స్ ఎలియట్ కేసు అంటారు. గెజెట్లో ఎక్కిన స్టాండర్డ్ యూరోపియన్ చట్టంలో భాగమే అని యూరోపియన్ కోర్టు 2016 అక్టోబర్‌లో తేల్చింది. ఇంకేముంది. ప్రైవేటు కమిటీలు రాసింది చట్టం అవుతుందంటే, కమిషన్ లాయర్లు ప్రతి వాక్యాన్నీ భూతద్దం పెట్టి చూడటం మొదలెట్టారు. 'తయారీదారు తగినదని భావిస్తే' లాంటి మాట కనబడితే వెనక్కి కొడతారు.

అప్పుడే పాత 1999/5 పోయి రేడియో ఎక్విప్‌మెంట్ డైరెక్టివ్ వస్తోంది, మార్పిడి గడువు 2017 జూన్ 13. 5 గిగాహెర్ట్జ్ వైఫై స్టాండర్డ్ ఈఎన్ 301 893 కొత్త వెర్షన్ గెజెట్లో ఎక్కింది కూడా అదే జూన్‌లో, గడువు ముంచుకొచ్చాక. రౌటర్ కంపెనీల వాళ్లు ఆ వసంతంలో ఎలా బతికారో నాకు తెలుసు.

నీ ఈఎన్ 18031 కూడా అదే బాపతు. రాసినవాళ్లు 'యూజర్ ఇష్టం' అని సందు వదిలారు, కమిషన్ ఆ సందులో కొర్రీ పెట్టింది. ఇంజనీర్లకి అది చాదస్తంలా అనిపిస్తుంది. నా మట్టుకు నాకు ఆ కొర్రీ సబబే అనిపించింది. పాస్‌వర్డ్ లేని కెమెరాని ఇంట్లో పెట్టుకోవడం ఏంటి?

రౌటర్ రాజు · మంగళవారం సాయంత్రం 4:00

అది మా మార్కెటింగ్ వాళ్లకి చెప్పండి మావయ్యా. ఇంకో బాధ, ఈ స్టాండర్డ్ మూడు భాగాలూ డబ్బు పెట్టి కొన్నాం. ఎట్సీ వాళ్లవి ఫ్రీగా దొరుకుతాయి, వీళ్లవి ఎందుకు దొరకవు?

మ్యూనిక్ మావయ్య · మంగళవారం సాయంత్రం 4:20

రాసింది సెన్, సెనెలెక్ అనే యూరప్ స్టాండర్డ్ సంస్థలు, వాటిని అమ్ముకునేది వాటిలో సభ్యులైన ఆయా దేశాల స్టాండర్డ్ సంస్థలు. చట్టంలో భాగమైనదాన్ని జనం ఫ్రీగా చూడొద్దా అని దాని మీదా కేసు నడిచింది. 2024 మార్చి 5న కోర్టు, చూడాల్సిందే, ప్రజాహితం ఉంది అంది. అమలు సంగతి వేరు. బిల్లు దాచుకో.

సర్క్యూట్ సుబ్బులు · మంగళవారం సాయంత్రం 5:00

యూరప్‌ని ఆడిపోసుకునేముందు మనదీ చూడండి. 2017లో మన టెలిగ్రాఫ్ రూల్స్ సవరించి ఎంటీసీటీఈ తెచ్చారు, టెలికాం పరికరాలకి తప్పనిసరి టెస్టు, సర్టిఫికెట్ అన్నమాట. మొదటి దశ 2018 అక్టోబర్ అన్నారు, 2019 అక్టోబర్‌కి వెళ్లింది. తర్వాతి దశల గడువులు ఎన్నిసార్లు జరిగాయో నేను లెక్కపెట్టడం మానేశాను. ఇక్కడ డిజైన్ చేసి, ఇక్కడ టెస్ట్ చేయించి, మళ్లీ అక్కడ సీఈ కోసం టెస్ట్ చేయించేవాళ్లం మనం. రెండు గుమ్మాల దగ్గరా నిలబడేది మనమే.

రాజు గారూ, చరిత్ర పక్కన పెట్టి పని చూద్దాం. నోటిఫైడ్ బాడీకి వెళ్లకండి, వాళ్ల క్యూ పెద్దది. ఆ బటన్ పీకెయ్యండి. సెటప్‌లో పాస్‌వర్డ్ పెట్టనిదే ముందుకి కదలకూడదు. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా అదే దారిలోకి రావాలి, అది మర్చిపోతారు చాలామంది. పాత మొబైల్ యాప్ వెర్షన్‌లో ఆ బటన్ మిగిలిపోయిందేమో కూడా చూడండి, ల్యాబ్ వాడు ముందు అక్కడే పట్టుకుంటాడు.

రౌటర్ రాజు · శుక్రవారం సాయంత్రం 6:10

అప్‌డేట్. బటన్ పీకడం మధ్యాహ్నం లోపలే అయిపోయింది. దాన్ని పీకొచ్చా లేదా అన్న మీటింగ్‌లు మూడు రోజులు పట్టాయి. మార్కెటింగ్, సపోర్ట్, సేల్స్, ఆఖరికి ఎండీ. ప్రతివాళ్లూ అభ్యంతరం రాసి పంపారు, ప్రతిదానికీ నేను జవాబు రాశాను. సుబ్బులు గారు చెప్పినట్టే పాత యాప్‌లో బటన్ ఇంకా ఉంది, టీమ్ లో ఎవరికీ గుర్తులేదు. వచ్చే బుధవారం ల్యాబ్ స్లాట్.

ఎగస్పార్టీ · శుక్రవారం సాయంత్రం 6:25

నలుగురికే మూడు రోజులా రాజు గారూ? ఎట్సీలో 71 శాతం చాలట.

నిన్నమొన్న · శుక్రవారం రాత్రి 9:50

అందరికీ థాంక్స్. ఆ మోడెమ్‌కి 9 వోల్టుల ఏసీ అడాప్టర్ కావాలి, డీసీ కాదు, ఏసీ. కోఠిలో నాలుగు షాపులు తిరిగాను, అందరూ డీసీయే ఇస్తున్నారు. ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా?

పాత మోడెమ్ · శుక్రవారం రాత్రి 10:05

నా దగ్గర రెండున్నాయి. మెసేజ్ పెట్టు. పిన్ను ఇంగ్లండ్‌ది, కన్వర్టర్ నువ్వే కొనుక్కోవాలి.